200 గజాల్లో బ్యాంకు: స్ట్రాంగ్ రూమ్ కింద పెట్టాలా, పైన పెట్టాలా?

హన్మకొండ చౌరస్తా, నక్కలగుట్ట, వరంగల్ స్టేషన్ రోడ్డు, ములుగు రోడ్డు... మెయిన్ రోడ్డు ముఖం ఉన్న ప్లాట్లు ఇక్కడ చాలావరకు చిన్నవే. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, అంటే 200 గజాలు. రెండు పక్కలా పాత డాబాలు, ముందు మోరి, నెత్తి మీద కరెంటు తీగలు. బ్యాంకుకు అద్దెకివ్వడానికి కట్టే యజమానికైనా, సొంత భవనం కట్టుకునే సహకార సంఘానికైనా ఇలాంటి చోట దారులు మూడే. అంతా కిందనే సర్దడం ఒకటి. ఖాతాదారులకు కావలసినవి కింద పెట్టి, సిబ్బందివి పైకి పంపడం రెండోది. కింద స్టిల్ట్, అంటే పిల్లర్లు మాత్రమే ఉండే ఖాళీ పార్కింగ్ అంతస్తు వదిలి బ్యాంకును మొదటి అంతస్తులో పెట్టడం మూడోది.

వీటిలో ఏది పనికొస్తుందో తేల్చే మొదటి అంకె ఒకటుంది: గట్టి వాన పడ్డప్పుడు ఆ ప్లాటు ముందు రోడ్డు మీద నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయి? ఎలివేషన్, గదుల కొలతలు, వాస్తు అన్నీ దీని తరువాతే. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

నీళ్ల గుర్తు ఇప్పటికీ దొరుకుతుంది. పక్క దుకాణాల షట్టర్ల మీద తుప్పు గీత, గోడ మీద బురద మరక, లేదంటే ఆ వానలు చూసిన కిరాణా కొట్టాయన చెయ్యి పెట్టి చూపించే ఎత్తు. మేస్త్రీ లెవల్ ట్యూబుతో ఆ గుర్తును రోడ్డు మధ్య ఎత్తుకు కొలిపించి రాసుకోవాలి. ప్లాటు మట్టం నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పాత ప్లాట్లు రోడ్డు కన్నా ఇప్పటికే కిందికి పడి ఉంటాయి. సీసీ రోడ్డు మీద మళ్లీ పొర వేసినప్పుడల్లా రోడ్డు ఇంకో 10, 15 సెంటీమీటర్లు లేస్తుంది. ఆ మార్జిన్ కూడా కలుపుకోవాలి.

నక్షాకు ముందు ఇంకో విచారణ ఉంది. వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట లాంటి కేంద్ర రక్షిత కట్టడాల హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం. ఆ తరువాతి 200 మీటర్లలో కట్టాలంటే జాతీయ స్మారక ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఈ సంగతి తేలకుండా ఆర్కిటెక్టుకు అడ్వాన్స్ ఇవ్వొద్దు.

స్థలం లెక్క

ముందు 3 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలామనుకుందాం. అసలు అంకె ప్లాటు వైశాల్యం, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. రోడ్డు విస్తరణలో పోయే భాగం ఉంటే దాన్ని ముందే తీసేసి లెక్క మొదలుపెట్టాలి. మన 9.1 మీటర్ల వెడల్పులో 7.1, 18.3 మీటర్ల లోతులో 14.3 మిగులుతాయి. అంటే అంతస్తుకు 101 చదరపు మీటర్లు, సుమారు 1,090 చదరపు అడుగులు.

ఇప్పుడు చిన్న శాఖకు కావలసినవి, చదరపు మీటర్లలో: హాలు, సిబ్బంది కౌంటర్లు కలిపి 40. రెండు క్యాష్ క్యాబిన్లు 8. మేనేజర్ గది 9. బంగారం తూచే అప్రైజర్ చోటు 3. స్ట్రాంగ్ రూమ్ బయటి కొలతలతో 13. ఏటీఎం 7. రికార్డు గది 7. యూపీఎస్, సర్వర్ 5. దివ్యాంగులకు అనువైన దానితో కలిపి మూడు టాయిలెట్లు 9. భోజనం గది 5. మొత్తం 106. గోడలకు, నడవలకు మరో 20 శాతం వేస్తే 127 దాటుతుంది. ఉన్నది 101.

కాబట్టి 'అంతా కిందనే' అన్న మొదటి దారి 200 గజాల్లో నిలబడదు. 300 గజాలు ఉంటే ఆలోచించవచ్చు. బలవంతంగా సర్దినచోట ముందుగా చిక్కిపోయేది హాలే. వానాకాలం పంట రుణాల రెన్యువల్ సమయంలో, పత్తి, మిర్చి డబ్బులు ఖాతాల్లో పడే నెలల్లో, పెన్షన్ల వారంలో ఆ శాఖ ముందు క్యూ రోడ్డెక్కుతుంది.

రెండో దారిలో రికార్డు గది, యూపీఎస్, సిబ్బంది టాయిలెట్లు రెండు, భోజనం గది పైకి పోతే కింద 22 చదరపు మీటర్లు తగ్గి 84 అవుతుంది. లోపలి మెట్లకు 9 కలపాలి. హాలును 36కు కుదిస్తే గోడలకు, నడవకు 12 మిగులుతుంది. సరిపోతుంది, కానీ బయటి గోడలు 9 అంగుళాల ఇటుకతో కాకుండా ఆర్‌సీసీ ఫ్రేములో 6 అంగుళాల బ్లాకుతో కడితేనే. మెట్లు కౌంటర్ వెనక సిబ్బంది వైపు ఉండాలి. బయటి నుంచి మెట్లు ఇచ్చి పై అంతస్తులో మిగిలిన భాగం వేరేవాళ్లకు అద్దెకిద్దామనే ఆశ చాలామంది యజమానులకు ఉంటుంది. స్ట్రాంగ్ రూమ్ నెత్తి మీద ఎవరో తెలియని కిరాయిదారు ఉండే భవనాన్ని ఏ బ్యాంకు సెక్యూరిటీ అధికారీ ఇష్టపడడు.

పైకి పంపకూడనిది మేనేజర్ గది. కర్ర పట్టుకుని వచ్చే సింగరేణి రిటైర్డ్ కార్మికుడు మెట్లెక్కి సంతకం పెట్టించుకోవాల్సి రావొద్దు. క్యాష్ కౌంటర్లు మేనేజర్ కంటికి ఆనుతూ ఉండాలన్నది రెండో కారణం.

పునాది ఎత్తు, ర్యాంపు: ఇక్కడే చిక్కు

నీళ్లు రావొద్దంటే బేస్‌మెంట్, అంటే భవనం నేలను రోడ్డు కన్నా పైన నిలిపే దిమ్మె లేపాలి. లేపితే ర్యాంపు పొడవు పెరుగుతుంది. ర్యాంపు వాలు 1కి 12 కన్నా నిటారుగా ఉండకూడదు. వెడల్పు కనీసం 1.2 మీటర్లు, పైన, కింద 1.5 మీటర్ల చదును, రెండు వైపులా పట్టుకునే కడ్డీలు. ఈ లెక్కన 45 సెంటీమీటర్ల ఎత్తుకు 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. 60కి 7.2. 75కి 9.

మన ముఖం 9.1 మీటర్లు. గోడ వెంబడి ర్యాంపు వేస్తే 45 సెంటీమీటర్ల ఎత్తుకు పై చదునుతో కలిపి 6.9 మీటర్లు పోయి, మెట్లకు 2.2 మీటర్లు మిగులుతుంది. 60 సెంటీమీటర్లకు 8.7 మీటర్లు. కాగితం మీద పడుతుంది గానీ మెట్లకు చోటుండదు, ఏటీఎం తలుపు ముందు ర్యాంపు గోడ అడ్డొస్తుంది. మడత ర్యాంపు వేస్తే ముందున్న 3 మీటర్లలో సుమారు 2.6 దానికే పోతుంది. ఇక బండ్లు రోడ్డు మీదే. 75 అయితే నేరుగా పట్టనే పట్టదు. పక్క సందులోకి ర్యాంపు తిప్పుదామంటే మీటరు సందు 1.2 మీటర్ల ర్యాంపుకు చాలదు, పైగా దాన్ని ఖాళీగా వదలాలి. ముందు ర్యాంపునైనా అనుమతి నక్షాలోనే చూపించాలి. కట్టాక అతికిస్తే మోరి మీద ఆక్రమణ కింద కూల్చేస్తారు.

అందుకే మా సలహా ఇలా సాగుతుంది. రోడ్డు మీద నీళ్లు 30 సెంటీమీటర్లకు మించని చోట 45 సెంటీమీటర్ల బేస్‌మెంట్, రెండో దారి, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

30 నుంచి 75 దాకా వచ్చే చోట కూడా బేస్‌మెంట్ 45 దగ్గరే ఆపి, మిగతా ఎత్తును పలకలతో ఆపాలి. తలుపు చట్రానికి రెండు వైపులా అల్యూమినియం చానళ్లు బిగించి, రబ్బరు అంచున్న 15 సెంటీమీటర్ల పలకలు మూడు దింపితే ఇంకో 45 సెంటీమీటర్లు ఆగుతుంది. పలకలు శాఖలోనే, తలుపుకు దగ్గరలో గోడకు వేలాడాలి. పైఅంతస్తు స్టోర్‌లో దాచిన పలకలు రాత్రి రెండింటికి వచ్చే నీళ్లను ఆపలేవు. తలుపు మూసినంత మాత్రాన కూడా పని అయిపోదు. నీళ్లు ఎక్కువగా వచ్చేది టాయిలెట్ ట్రాప్ గుండా, మోరి వెనక్కి తన్నినప్పుడు. డ్రైనేజీ లైను బయటికి పోయే చోట నీళ్లను వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్, దాన్ని శుభ్రం చేయడానికి ఛాంబర్ తప్పనిసరి. నేల నుంచి 90 సెంటీమీటర్ల దాకా గోడ గట్టి కాంక్రీటుతోనో, నీళ్లు పీల్చని ప్లాస్టర్‌తోనో ఉండాలి. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు ఇటుక) ఆ ఎత్తులో వద్దు. కరెంటు ప్యానెల్, మెయిన్ స్విచ్ 1.2 మీటర్ల పైన.

75 దాటిన చోట మూడో దారికి పోవాలి, లేదా ఆ ప్లాటు వదులుకోవాలి. కొన్నిసార్లు ప్లాటు వదులుకోవడమే తెలివైన పని.

స్టిల్ట్ మీద బ్యాంకు పెడితే పార్కింగ్ దొరుకుతుంది, వరద భయం పోతుంది. దానికి కట్టే మూల్యం లిఫ్ట్. వీల్‌చైర్ పట్టే లిఫ్ట్, దానికి జనరేటర్ బ్యాకప్, ఏటా నిర్వహణ ఒప్పందం. లిఫ్ట్ ఆగిన రోజు ముసలివాళ్లకు బ్యాంకు బంద్ అయినట్టే. ఏటీఎంను కింద పెడితే వరద సమస్య మళ్లీ మొదటికొస్తుంది. స్ట్రాంగ్ రూమ్ బరువు సంగతి అన్నిటికన్నా పెద్దది.

స్ట్రాంగ్ రూమ్

చాలా బ్యాంకులు అడిగేది 300 మిల్లీమీటర్ల, అంటే అడుగు మందం ఆర్‌సీసీ గోడలు, పైకప్పు. నేలకూ అదే మందం పెట్టుకుని లెక్కిద్దాం. లోపల 3 మీటర్లు × 3 మీటర్లు, ఎత్తు 2.7 అనుకుంటే కాంక్రీటు సుమారు 18.5 ఘనపు మీటర్లు. బరువు 46 టన్నులు, తలుపు, లాకర్లు కాకుండానే. 12 ఎంఎం సలాకలు 150 ఎంఎం దూరంలో నిలువు, అడ్డం, రెండు జాలీలుగా వేస్తే అతుకులతో కలిపి 1.6 టన్నుల ఇనుము పడుతుంది. వెనక జాలీ సలాకలు ముందు జాలీ కన్నాల నడుమకు వచ్చేలా జరిపి కట్టాలి. అప్పుడు ఎదురుగా చూస్తే కన్నం 75 ఎంఎం మాత్రమే కనిపిస్తుంది.

ఆ 46 టన్నులు నేల మీద కూర్చుంటే సమస్యే కాదు. 13 చదరపు మీటర్ల మీద పరిస్తే చదరపు మీటరుకు 3.5 టన్నులు, గట్టి మొరం దాన్ని సునాయాసంగా మోస్తుంది. తప్పు జరిగేది ఎక్కడంటే, బేస్‌మెంట్ నింపిన వదులు మట్టి మీదే స్ట్రాంగ్ రూమ్ నేల పోసేస్తారు. రెండు వానాకాలాలకు గది ఓ పక్కకు దిగి, తలుపు చట్రం వంకర పోయి, బోల్టులు పట్టేస్తాయి. స్ట్రాంగ్ రూమ్ గోడలను అసలు నేల దాకా దించి గట్టి పొర మీద నిలపాలి. పక్క గదుల గోడలకు, దీనికి మధ్య జాయింటు వదలాలి. అదే 46 టన్నులు స్టిల్ట్ పైన ఉంటే కింద ఖాళీ పిల్లర్ల మీద మోయాలి. భూకంపం లెక్కలో కింద ఖాళీగా, పైన బరువుగా ఉన్న భవనం అన్నిటికన్నా బలహీనం. పైగా స్ట్రాంగ్ రూమ్ నేల కిందివైపు పార్కింగ్‌లో ఎవరైనా నిచ్చెన వేసుకుని డ్రిల్ పెట్టగలిగేలా తేలి ఉంటుంది.

మూడో దారి తప్పనిసరైతే ప్యానెల్ స్ట్రాంగ్ రూమ్ గురించి బ్యాంకును అడగాలి. ఫ్యాక్టరీలో చేసిన పలకలు తెచ్చి బిగించేది. గోడ మందం 100 ఎంఎం దగ్గర ఉండే రకమైతే బయటి కొలత 3.6 మీటర్ల నుంచి 3.2కు తగ్గి, దాదాపు 2.7 చదరపు మీటర్లు చేతికొస్తాయి. బరువు బాగా తగ్గుతుంది, లీజు అయిపోతే విప్పి తీసుకుపోవచ్చు. ఖరీదు ఎక్కువ. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆర్డర్ పెట్టొద్దు.

కింద ఎక్కడ పెట్టాలి? వెనక మూల అందరికీ తట్టే ఆలోచన. కానీ మూలలో రెండు గోడలు బయటికి ఉంటాయి, వెనక సందులో రాత్రి ఎవరి కన్నూ పడదు. ఒక పక్క గోడ వెంబడి, లోతులో మధ్యకు పెడితే ఒక్క గోడే బయటికి ఉంటుంది, క్యాష్ క్యాబిన్ పక్కనే ఉంటుంది, డబ్బు పెట్టె హాలు దాటనవసరం లేదు. 7.1 మీటర్లలో 3.6 పోయినా పక్కన 3 మీటర్ల పైచిలుకు మిగులుతుంది కాబట్టి వెనక భాగం తెగిపోదు. బరువు నైరుతిలో ఉండాలని వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు చాలామందే. ఆ మూల రోడ్డు వైపు పడితే సరే. పాడుబడ్డ ఇంటి గోడ వైపు పడితే మాత్రం వాస్తును పక్కన పెట్టమనే చెబుతాం.

2024 నవంబర్‌లో వరంగల్ జిల్లా రాయపర్తిలో ఒక బ్యాంకు శాఖలోకి దొంగలు కిటికీ గ్రిల్ తొలగించి దిగారు. గ్యాస్ కట్టర్ వాడి సుమారు 19 కిలోల తాకట్టు బంగారం ఎత్తుకెళ్లారు, సీసీటీవీ రికార్డింగ్ పెట్టెనూ వదల్లేదు. నక్షా వేసేవాళ్లకు ఇందులో రెండు పాఠాలున్నాయి. వెనక, పక్క సందుల్లోకి మనిషి పట్టే కిటికీ వద్దు. వెలుతురు కావాలంటే పైకప్పు దగ్గర 30 సెంటీమీటర్ల ఎత్తు వెంటిలేటర్లు, వాటి గ్రిల్ గోడ కట్టేటప్పుడే సలాకలకు వెల్డ్ చేసి పెట్టాలి. స్క్రూలతో బయటి నుంచి బిగించిన గ్రిల్ ఉన్నా లేనట్టే. రికార్డింగ్ పెట్టె హాలు బల్ల కింద కాకుండా పై అంతస్తులో తాళం వేసిన గదిలో ఉండాలి, కాపీ బయటికి పోతూ ఉండాలి.

లాకర్లు పెడితే ఆర్‌బీఐ 2021 ఆగస్టులో ఇచ్చి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. లాకర్ల గదికి రాకపోకల దారి ఒక్కటే ఉండాలి. ఆ దారి సీసీటీవీ రికార్డింగు కనీసం 180 రోజులు దాచాలి. వాన నీళ్లు, వరద లోపలికి రాకుండా చోటు భద్రంగా ఉండాలి. అగ్నిప్రమాదం, దొంగతనం లాంటి వాటిలో బ్యాంకు తప్పు ఉంటే ఏడాది అద్దెకు 100 రెట్లకు సమానమైన బాధ్యత. కాబట్టి లాకర్ క్యాబినెట్లను నేల మీద నేరుగా పెట్టక, 30 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మె మీద ఎక్కించాలి. ముందు తడిసేది కింది వరుసే.

పోత పోసేటప్పుడు

తలుపు చట్రం పోతకు ముందే సైటుకు రావాలి. నిట్టనిలువు చూసి సలాకలకు వెల్డ్ చేసి, దాని చుట్టూ కాంక్రీటు పోయాలి. తలుపు ఆలస్యమైందని ఖాళీ వదిలి తరువాత చట్రం నిలబెట్టి సిమెంటు పాలు కూరితే, అడుగు మందం గదిలో అదే అన్నిటికన్నా మెత్తని చోటు. నేల ఫినిషింగ్ ఎత్తు కూడా ముందే తేల్చాలి. తరువాత గ్రానైట్ వేసి 4 సెంటీమీటర్లు లేపితే టన్ను దగ్గరుండే తలుపు తెరుచుకోదు.

రెండు జాలీల మధ్య 20 ఎంఎం కంకర ఇరుక్కుని తేనెపట్టులా బొక్కలు పడతాయి. 12 ఎంఎం కంకర, పలుచగా జారే ఎం25 మిక్స్, సన్న నీడిల్ వైబ్రేటర్ వాడి, ఒక్కో దఫా 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తు పోయాలి. పలుచగా జారాలంటే ప్లాస్టిసైజర్ కలపాలి, నీళ్లు గుమ్మరించకూడదు. గోడలోంచి నీటి పైపు, డ్రైనేజీ, ఏసీ పైపు ఏదీ పోకూడదు. కరెంటు, అలారం తీగలకు వంపు తిరిగిన ఇనుప గొట్టం ఒక్కటే. పొరపాటున లోపల చిక్కుకున్న మనిషికి గాలి అందే ద్వారం బ్యాంకు చెప్పిన కొలతలో, చెప్పిన గోడలోనే. పైన టాయిలెట్ రావొద్దు. సన్నని చెమ్మ చాలు, తాకట్టు ప్యాకెట్ల మీద రాతలు చెరిగిపోతాయి. సలాకలు కట్టాక, షట్టరింగ్ మూయకముందు బ్యాంకు ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి. మూసేశాక ఎన్ని సలాకలు ఉన్నాయో నిరూపించలేక గొడవలు పడ్డవాళ్లు ఉన్నారు.

మిగతావి

పునాది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మట్టి పరీక్ష చెబుతుంది. ఎర్ర చెల్క, మొరం ఉన్న చోట మామూలు ఫుటింగులు చాలు. నల్లరేగడి అయితే అండర్‌రీమ్డ్ పైళ్లా (భూమిలో లోతుగా దిగి అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు), రేగడి మొత్తం తవ్వేసి గట్టి పొర మీద ఫుటింగులా అన్నది లోతును బట్టి. రెండు మీటర్లలోపు గట్టి పొర దొరికితే ఫుటింగులే చవక. పక్కవాళ్ల రాతి పునాది పక్కన ఒకేసారి కాలువలా తవ్వొద్దు. మీటరున్నర ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, పోసి, ఆ తరువాత మిగతావి. పై రికార్డు గది స్లాబును ఇళ్లకు వేసే 200 కిలోల లెక్కతో వేస్తే పగుళ్లొస్తాయి. చదరపు మీటరుకు కనీసం 500 కిలోలతో డిజైన్ చేయించాలి, బ్యాటరీల గదికి వాటి అసలు బరువు చూసి.

పడమర ముఖం ప్లాటుకు ముందు మొత్తం అద్దం పెట్టడం ఇక్కడి ఎండలకు పొరపాటే. అడ్డంగా వేసిన సజ్జ సాయంత్రం ఎండను ఆపదు. నిలువు రెక్కలైనా, కన్నాల జాలీ గోడైనా కావాలి. అద్దం తలుపు, ఒక కిటికీ వరకే ఉంచి, మిగతాది కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ వేసుకుంటే అందంగానూ ఉంటుంది, కడగడం తేలిక. ర్యాంపు మీద మాత్రం పాలిష్ రాయి వద్దు, మంటతో గరుకు చేసిన రాయే వేయాలి.

అద్దెకిచ్చే యజమాని ఒప్పందంలో రాయించుకోవాల్సినవి రెండు. స్ట్రాంగ్ రూమ్ కొలతలు, సలాకల వివరాలు బ్యాంకు ఇంజనీరు సంతకంతో పోతకు ముందే జతపరచాలి. లీజు అయిపోయాక ఆ 46 టన్నులు పగలగొట్టి తీసే ఖర్చు ఎవరిదో అందులోనే తేలాలి.